పాయింటు నిజంగా తిరిగిందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా, పాఠశాల సైన్సు గదిలో కొత్తగా అమర్చిన నమూనా రైలు మార్గం దగ్గర చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. రైల్వే వాడికి టైమిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి, భోజనాలు ఒంటిగంటకని ముందే మైకులో చెప్పేశారు. మా బ్యాచ్ వాళ్లు పొద్దున్నుంచీ ‘ఏటిరా, ఉద్యోగమంతా రైళ్లతోనే సరిపోయింది, రిటైరయ్యాక మళ్లీ ఈ బొమ్మ రైలేటి?’ అని ఆటపట్టిస్తున్నారు. నేను సిగ్నల్ శాఖలో పని చేశాను. రైలు నడపలేదు, టిక్కెట్లు ఇవ్వలేదు, జెండా ఊపలేదు. పట్టాల పక్కన ఉండే బూడిదరంగు పెట్టెల్లో తీగలు చూసుకుంటూ బతికాను. కాబట్టి ఈ బల్ల మీద తిరిగే ఇంజను గురించి, అట్టముక్కలతో చేసిన స్టేషను గురించి మీకు వేరేవాళ్లు చెప్పాలి. నేను బల్ల కింద సంగతి చెప్తాను. అందులోనూ ఒకే ఒక్క సంగతి. అది పాయింటు.

మన ఊరికి రైలు లేదు. దగ్గర స్టేషను అనకాపల్లి. కానీ జంక్షన్ మాత్రం ఉంది. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే రోడ్డు మీద మన వడ్డాది జంక్షన్‌లో మాడుగుల, పాడేరు బస్సు పక్కకి తిరుగుతుంది. బస్సు డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు, బస్సు తిరుగుతుంది. రైలు డ్రైవరుకి స్టీరింగు లేదు. నిన్న ఈ మాట చెప్తే ఏడో తరగతి అబ్బాయి ఒకడు నమ్మలేదు. నిజంగానే లేదు బాబూ. ఆయన వేగం పెంచగలడు, తగ్గించగలడు, ఆపగలడు. ఎటు వెళ్లాలన్నది ఆయన చేతిలో లేదు. అది పట్టాల చేతిలో ఉంది. ఒక లైను రెండుగా చీలే చోట, బండి ఎటు పోవాలో నిర్ణయించే ఏర్పాటునే మేం పాయింటు అంటాం. మోడల్ రైళ్ల పుస్తకాల్లో టర్నౌట్ అని ఉంటుంది.

దగ్గరికి వచ్చి చూడండి. బయట రెండు పట్టాలు కదలవు. వాటిని స్టాక్ రైళ్లు అంటాం. లోపల రెండు పట్టాలు ఒక చివర కత్తిలా సన్నగా చెక్కి ఉన్నాయి. వీటి పేరు టంగ్ రైళ్లు, అంటే నాలుకలు. రెండు నాలుకలనీ ఒక అడ్డపట్టీ కలిపి ఉంచుతుంది. ఒక నాలుక వెళ్లి స్టాక్ రైలుకి అతుక్కుంటే రెండోది దూరం జరుగుతుంది. మన పెద్ద రైలు మార్గంలో ఆ దూరం నాలుక కొన దగ్గర 115 మిల్లీమీటర్లు. చక్రానికి లోపలి అంచున ఉండే గట్టు ఆ సందులోంచి పోతుంది, బండి పక్క దారి పడుతుంది.

రైతుల పిల్లలకి దీన్ని ఇంకో రకంగా చెప్తాను. చెరకు తోటకి నీళ్లు కట్టేటప్పుడు మీ నాన్న మడవ తిప్పుతాడు. ఒక బోదెకి మట్టి అడ్డం వేసి ఇంకో బోదె తెరుస్తాడు. అంతటితో ఇంటికి వచ్చేస్తాడా? రాడు. గట్టు వెంట నడిచి వెళ్లి, నీళ్లు ఆ చివరికి అందాయో లేదో చూస్తాడు. దారిలో ఎండ్రకాయ బొరియ ఉండొచ్చు, పక్క పొలం వాడు మళ్లించుకుని ఉండొచ్చు. పార పడ్డంత మాత్రాన నీళ్లు పారినట్టు కాదని ఆయనకి తెలుసు. మా సిగ్నల్ శాఖ మొత్తం ఈ ఒక్క తెలివి మీదే నడుస్తుంది. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు బల్ల. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ప్లైవుడ్డు. చుట్టూ తిరిగే మెయిన్ లైను ఒకటి, స్టేషను దగ్గర లూప్ లైను ఒకటి, గూడ్సు పెట్టెలు నిలపడానికి చిన్న సైడింగు ఒకటి. మొత్తం పాయింట్లు మూడు. ఇది హెచ్.ఓ. కొలత, అంటే అసలు దానిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. లెక్కల మాస్టారు కాలిక్యులేటరు తియ్యకముందే నేనే చెప్పేస్తాను. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి ఈ బల్ల మీద ఉన్నది మన గేజి కాదు, ఐరోపా వాళ్ల 1435 మిల్లీమీటర్ల గేజి. ఈ సరంజామా తయారు చేసే దేశాల్లో ఆ గేజి వాడతారు కాబట్టి బజార్లో దొరికేది అదే. ఇంజనుకి మన రంగులు వేసి సరిపెట్టుకున్నాం. పుణెలో 1998లో తెరిచిన జోషీ గారి మ్యూజియంలో మొత్తం ఒక ఊరినే ఈ కొలతలో కట్టారు. విహారయాత్రకి అటు వెళ్తే పిల్లలకి తప్పక చూపించండి.

పాయింటుని చేత్తో తిప్పొచ్చు. నిజం రైల్వేలో కూడా మొదట్లో అలాగే తిప్పేవారు. తర్వాత కేబిన్‌లో లీవరు లాగితే పొడవాటి ఇనప గొట్టాల ద్వారా కదిలేది. ఇప్పుడు పట్టా పక్కన 110 వోల్టుల డీసీ మోటారు ఉన్న పాయింటు మిషను ఉంటుంది. స్టేషను మాస్టరు బటన్ నొక్కితే నాలుగైదు సెకన్లలో నాలుకలు జరిగి, తాళం పడుతుంది.

మన బల్ల కింద రెండు రకాలు పెట్టాం. తేడా మీకు తెలియాలని కావాలనే అలా పెట్టాం. మొదటి రకం ఇదిగో, వినండి. టక్! ఇది సొలెనాయిడు. రెండు రాగి తీగచుట్టలు, మధ్యలో ఇనప కడ్డీ. ఈ చుట్టకి కరెంటిస్తే కడ్డీ ఇటు, ఆ చుట్టకిస్తే అటు. సుళువు, చవక. ప్రాణం మాత్రం చాలా చిన్నది. ఈ చుట్ట నిరోధం మీటరులో నాలుగు ఓములు చూపించింది. దానికి 16 వోల్టులు నేరుగా ఇస్తే సుమారు నాలుగు ఆంపియర్లు, అంటే 64 వాట్లు. పాతకాలం బల్బు వేడి మొత్తం బొటనవేలంత చుట్టలోకి దూరుతుందన్నమాట. అరసెకను అయితే ఏమీ కాదు. ఒక పిల్లవాడు బటన్ మీద వేలు పెట్టి పక్కవాడితో కబుర్లాడితే చుట్ట మాడి వాసన వస్తుంది.

దానికి విరుగుడు కెపాసిటర్. ఈ చిన్న డబ్బాలో 16 వోల్టుల ఏసీ ఒక డయోడ్ ద్వారా, ఒక 100 ఓముల రెసిస్టరు ద్వారా వచ్చి 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని నింపుతుంది. కెపాసిటర్ మీద 22 వోల్టుల దాకా చేరుతుంది. కొనేటప్పుడు 25 వోల్టులది చాలులే అనకండి, 35 వోల్టులది తీసుకోండి. బటన్ నొక్కగానే ఆ నిల్వంతా ఒక్కసారిగా చుట్టలోకి వెళ్లి కడ్డీని గట్టిగా కొడుతుంది. ఆ తర్వాత వేలు ఎంతసేపు ఉంచినా రెసిస్టరు దాటి వచ్చేది ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు. చుట్ట బతుకుతుంది. రెసిస్టరు మాత్రం అయిదు వాట్లది పెట్టాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ వేడి భరించేది అదే. నింపడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి వెంటవెంటనే రెండు పాయింట్లు కొట్టాలంటే కాస్త ఓపిక పట్టాలి. స్టేషను మాస్టరుకి ఉండాల్సిన మొదటి గుణం కూడా అదే అనుకోండి.

రెండో రకం నిదానంగా కదిలే గేరు మోటారు. బొమ్మ కార్లలో వాడే 12 వోల్టుల చిన్న మోటారే. రెండు వరసల స్విచ్చుతో ప్లస్, మైనస్ తారుమారు చేస్తే అటూ ఇటూ తిరుగుతుంది. ఆ చివరా ఈ చివరా ఒక్కో మైక్రో స్విచ్ పెట్టాం. చివరికి చేరగానే స్విచ్ తెరుచుకుని మోటారు తన కరెంటు తనే కోసుకుంటుంది. మరి వెనక్కి ఎలా వస్తుంది? ప్రతి మైక్రో స్విచ్‌కీ అడ్డంగా ఒక డయోడ్ ఉంది. ముందుకు పోయే కరెంటుని ఆపుతుంది, వెనక్కి వచ్చే కరెంటుకి దారిస్తుంది. పదో తరగతి పిల్లలు ఈ చిత్రం కాగితం మీద గీసి చూడండి, అయిదు నిమిషాల పని. నిజం పాయింటు మిషనులో కూడా పని పూర్తవగానే మోటారు కరెంటుని లోపలి కాంటాక్టులే కోస్తాయి. చూడ్డానికి కూడా ఇదే బాగుంటుంది. నాలుక నెమ్మదిగా జరిగి పట్టాకి ఆనుకోవడం కళ్లతో చూడొచ్చు. నన్నడిగితే మూడింటికీ ఇదే పెట్టాలంటాను. ఖర్చు దగ్గర సంఘం వాళ్లు నా మాట వినలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ నియంత్రణ పలక మీద ప్రతి పాయింటుకీ రెండు దీపాలున్నాయి. పసుపు వెలిగితే మెయిన్ లైను, తెలుపు వెలిగితే లూప్. ఈ దీపాలకి కరెంటు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి?

సుళువైన పద్ధతి ఒకటుంది. స్విచ్ దగ్గరే రెండు తీగలు తీసి దీపాలకి కలిపేస్తే అయిపోతుంది. స్విచ్ మెయిన్ వైపు ఉంటే పసుపు, లూప్ వైపు ఉంటే తెలుపు. అయిదు నిమిషాల పని. చాలా బొమ్మ రైళ్లలో ఇలాగే చేస్తారు. చూడ్డానికి తేడా ఏమీ తెలియదు. కానీ ఆ దీపం చెప్పేదేమిటి? నీ వేలు ఎక్కడుందో చెబుతోంది. అది నీకు ముందే తెలుసు. నాలుక ఎక్కడుందో అది చెప్పడం లేదు. మోటారు తీగ ఊడిపోయి ఉన్నా, అడ్డపట్టీ విరిగి ఉన్నా, సందులో పుల్ల ఇరుక్కుని ఉన్నా ఆ దీపం నవ్వుతూ వెలుగుతూనే ఉంటుంది.

మోటారు చివర ఉన్న మైక్రో స్విచ్ నుంచి తీస్తేనో? కొంత నయం. అదైనా మోటారు తిరిగిందని చెబుతుంది కానీ నాలుక సంగతి చెప్పదు. మోటారుకీ నాలుకకీ మధ్య ఒక తీగ ఉంది. అది వంగిపోవచ్చు. ఈ మధ్య పిల్లలు ఆర్డుయినో బోర్డుతో సర్వో మోటార్లు తిప్పుతున్నారు, చాలా సంతోషం. అక్కడా ఇదే చిక్కు. ప్రోగ్రాములో తొంభై డిగ్రీలు అని రాశాం కాబట్టి తొంభై డిగ్రీలు వెళ్లిందని కంప్యూటరు అనుకుంటుంది. మామూలు సర్వో తిరిగి వచ్చి ‘నేను వెళ్లలేకపోయానండీ’ అని చెప్పదు.

అందుకే మన బల్ల మీద దీపాల తీగలు స్విచ్ నుంచి రాలేదు, మోటారు నుంచి రాలేదు. నాలుకల్ని కలిపే అడ్డపట్టీకి మోటారు లేని వైపు విడిగా మరో రెండు మైక్రో స్విచ్చులు బిగించాం. నాలుక నిజంగా వచ్చి పట్టాకి ఆనితేనే అవి కలుస్తాయి. నిజం రైల్వేలో కూడా అంతే. మిషను నుంచి నాలుకల్ని తోసే కడ్డీ వేరు, నాలుకల స్థితిని మిషనుకి తిరిగి చెప్పే కడ్డీలు వేరు. తోసినవాడి సాక్ష్యం మీద ఆధారపడరు. దీన్నే డిటెక్షన్ అంటాం. కరెంటు రాకముందు నుంచీ ఉన్న ఆలోచన ఇది. పాత లీవరు కేబిన్ల రోజుల్లో సిగ్నల్ లాగే తీగని పాయింటు దగ్గర గాడులు పెట్టిన ఇనప పట్టీల మధ్య నుంచి తీసుకెళ్లేవారు. నాలుక పూర్తిగా జరగకపోతే గాడులు ఎదురెదురుగా రావు, తీగ లాగినా కదలదు, సిగ్నల్ పడదు.

ఎంత కచ్చితంగా పట్టుకోవాలో కూడా లెక్కుంది. నాలుక కొన నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో, నాలుకకీ స్టాక్ రైలుకీ మధ్య 5 మిల్లీమీటర్ల మందం ఇనప ముక్క పెట్టి పాయింటు తిప్పుతాం. తాళం పడకూడదు, దీపం వెలగకూడదు. వెలిగిందా, ఆ పాయింటు మీద బండి పోనివ్వం. 1957 నుంచి సికింద్రాబాదులో నడుస్తున్న ఇరిసెట్, అంటే రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు శిక్షణ సంస్థ, అక్కడ చదువుకున్న వాళ్లని నిద్రలో లేపి అడిగినా ఈ 5 మిల్లీమీటర్ల ముక్క గురించి చెప్తారు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. వానాకాలం, ఒక చిన్న స్టేషను. లూప్‌లోకి గూడ్సుని తీసుకుని, పాయింటు మళ్లీ మెయిన్‌కి తిప్పబోతే దీపం స్థిరంగా వెలగడం లేదు, మినుకు మినుకుమంటోంది. స్టేషను మాస్టరు గారు రెండోసారి తిప్పారు, మూడోసారి తిప్పారు. అదే మినుకు. వెనక ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ దగ్గర ఆగి కూత పెడుతోంది. నేను, ఒక పాయింట్స్‌మన్ టార్చి పట్టుకుని వెళ్లాం. నాలుకకీ పట్టాకీ మధ్య ఉసిరికాయంత కంకర రాయి. మోటారు తోసింది, రాయి అడ్డుకుంది. అప్పుడు మిషనులో ఉండే క్లచ్ జారిపోయి మోటారు కాలిపోకుండా కాపాడింది, డిటెక్షన్ కలవలేదు, దీపం అబద్ధం చెప్పలేదు. రాయి తీశాం, పాయింటు తిరిగింది, బండి వెళ్లింది. మర్నాడు రిజిస్టరులో ‘సిగ్నల్ ఫెయిల్యూరు, 12 నిమిషాల ఆలస్యం’ అని పడింది. ఆ పన్నెండు నిమిషాలకి సంజాయిషీ రాయమన్నారు, రాశాను. ప్రయాణికులు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనివ్వండి. ఆ రాత్రి ఫెయిలైంది ఏమీ లేదని నేను ఇప్పటికీ అంటాను.

దీపం అబద్ధం చెప్తే ఏమవుతుందో కూడా మీ వయసు పిల్లలకి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాలనే అనుకున్నాను.

2023 జూన్ 2 సాయంత్రం. ఒడిశాలో బాలేశ్వర్ జిల్లా, బాహానగా బజార్ స్టేషను. షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వస్తోంది. మద్రాసు వెళ్లడానికి మనలో ఎంతమంది విశాఖలో ఆ బండి ఎక్కారో చేతులెత్తమంటే ఈ గదిలో చాలా చేతులే లేస్తాయి. మెయిన్ లైనులో నేరుగా వెళ్లమని పచ్చ సిగ్నల్ ఇచ్చారు. స్టేషను పలక మీద 17 నంబరు పాయింటు మెయిన్ వైపే ఉన్నట్టు కనిపిస్తోంది. నేల మీద ఆ పాయింటు లూప్ వైపు తిరిగి ఉంది. బండి గంటకి 130 కిలోమీటర్లకి దగ్గర వేగంతో లూప్‌లోకి దూరి, అక్కడ నిలబడి ఉన్న గూడ్సుని గుద్దింది. పడిపోయిన పెట్టెలు పక్క లైనులో బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న బండి చివరి పెట్టెలకి తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

డ్రైవరుది తప్పు కాదు, ఆయనకి పచ్చ దీపం కనిపించింది. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది ఏమిటంటే, అంతకు చాలాకాలం ముందు ఆ స్టేషను సిగ్నల్ గదిలో తీగలు మార్చినప్పుడు లోపం జరిగింది, పెట్టెలో తీగల పేర్లు ఉన్నదానికి సరిపోలేదు, ఆ రోజు లెవెల్ క్రాసింగు గేటు పని కోసం తీగలు కలిపినప్పుడు పాయింటు అసలు స్థితికీ పలక మీద దీపానికీ సంబంధం తెగిపోయింది. ఎవరి బాధ్యత ఎంత అన్నది కోర్టుల పని, నేను అందులోకి వెళ్లను. నేను చెప్పేది తీగల గురించే. నాలుక, మైక్రో స్విచ్, తీగ, దీపం — ఈ దారిలో ఎక్కడైనా ఒక తీగ ఇంకో తీగ బదులు కూర్చుంటే, మిగతా అంతా సవ్యంగా పనిచేస్తూనే మనిషిని మోసం చేస్తుంది.

అందుకే ఈ బల్ల కింద నేను కాస్త చాదస్తంగా కనిపించే పనులు చేశాను. వంగి చూడండి. ప్రతి తీగకీ రెండు చివర్లా పేరు ఉంది. ఒక చివర కాదు, రెండు చివర్లా. ‘2 మెయిన్ డిటెక్షన్’ అని ఇటూ ఉంది, అటూ ఉంది. బల్ల అడుగున ప్లాస్టిక్ కవరులో తీగల పటం అంటించాను. ఇక్కడ ఒక్క తీగ మార్చినా ఆ రోజే పటం మార్చి, కింద తేదీ వేసి, సంతకం పెట్టాలి. ‘రేపు రాద్దాంలే’ అనే మాట ఈ బల్ల దగ్గర నిషేధం. సైన్సు మాస్టారు దీన్ని చూసుకుంటామని మాటిచ్చారు. మాస్టార్లు బదిలీ అవుతారు, పిల్లలు పాసై వెళ్లిపోతారు. పటం ఇక్కడే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరో తెలియని పిల్లవాడు ఈ బల్ల కిందకి దూరి స్క్రూడ్రైవరు పెడతాడు. ఆ పటం వాడి కోసం.

సిగ్నల్ దీపం ఇచ్చిన పద్ధతి కూడా చూడండి. పచ్చదీపం ఒక రిలే ద్వారా వెలుగుతుంది. ఆ రిలే లేవాలంటే స్టేషను మాస్టరు బటన్ నొక్కాలి, పాయింటు డిటెక్షన్ కలవాలి, రెండూ వరసగా ఒకే తీగలో ఉన్నాయి. ఏ ఒక్కటి తెగినా రిలే పడిపోతుంది. పడిపోయిన రిలే ఎర్రదీపం వెలిగిస్తుంది. ఎలక తీగ కొరికితే ఎరుపు, టంకం ఊడితే ఎరుపు, పాయింటు మధ్యలో ఆగితే ఎరుపు. పచ్చ రావాలంటేనే కష్టపడాలి. పాయింటుకి మెయిన్, లూప్ అని రెండు స్థితులే ఉంటాయని మీరనుకుంటారు. మాకు మూడు. మూడోది ‘తెలియదు’. రెండు దీపాలూ ఆరిపోయి ఉంటే దాని అర్థం అదే. తెలియనప్పుడు బండి ఆపాలి. ఊహించి పంపకూడదు.

ఇంకో చిన్న చిక్కు చెప్పి ముగిస్తాను. రెండు దారులూ కత్తెరలా కలిసే ఈ చోటుని మేం క్రాసింగు అంటాం, మోడల్ వాళ్లు ఫ్రాగ్ అంటారు, కప్ప! బొమ్మ ఇంజనుకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, ఒక పట్టా ప్లస్, ఒకటి మైనస్. ఈ కప్ప దగ్గర ఎడమ పట్టా, కుడి పట్టా ఒకే ఇనప ముక్కలో కలుస్తాయి. మరి దానికి ప్లస్ ఇవ్వాలా, మైనస్ ఇవ్వాలా? పాయింటు ఎటు ఉంటే అటు మారాలి. మారకపోతే షార్టు సర్క్యూట్. కొందరు ఆ ముక్కని ప్లాస్టిక్‌తో చేసి తప్పించుకుంటారు. అప్పుడు చిన్న ఇంజను దాని మీదకి వచ్చి కరెంటు అందక ఆగిపోతుంది, వేలితో తోయాలి. మనం లోహంతో చేసినదే పెట్టి, నాలుక దగ్గరి డిటెక్షన్‌తో ఇంకో రిలే తిప్పి, దాని కాంటాక్టుల ద్వారా కప్పకి కరెంటిచ్చాం. చూశారా, ఇక్కడా నాలుక మాటే విన్నాం, స్విచ్ మాట వినలేదు.

గోడ దగ్గరి 230 వోల్టులు ఈ బల్ల కిందకి రావు. ట్రాన్స్‌ఫార్మరు గోడకే బిగించి, పెట్టెకి తాళం వేశాం. ఇక్కడికి చేరేది 12, 16 వోల్టులే, దానికీ ఫ్యూజులున్నాయి. తల్లిదండ్రులు భయపడక్కర్లేదు.

సాఫ్ట్‌వేరు ఉద్యోగం తప్ప ఇంకోటి ఉద్యోగం కాదనుకునే తల్లిదండ్రుల కోసం ఒక ముక్క. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద చదువుల చోట 1946లో విద్యార్థులు ఒక మోడల్ రైల్ క్లబ్బు పెట్టారు. కొందరు బల్ల పైన కొండలు, ఇళ్లు చేసేవారు. ఇంకొందరు బల్ల కిందకి దూరి, టెలిఫోను ఎక్స్ఛేంజీ రిలేలతో పాయింట్లు, సిగ్నళ్లు కలిపేవారు. ఆ కింద జట్టు కుర్రాళ్లే 1950ల చివర్లో రాత్రిపూట కంప్యూటరు గదుల్లోకి చేరారు. ‘హ్యాకర్’ అన్న మాట ఇప్పటి అర్థంలో ఆ బల్ల కిందే పుట్టిందంటారు. 1962లో వచ్చిన ‘స్పేస్‌వార్’ అనే తొలినాటి కంప్యూటరు ఆట రాసిన స్టీవ్ రసెల్ కూడా ఆ క్లబ్బువాడే. కాబట్టి మీ పిల్లాడు బల్ల కింద దూరాడని చెవి మెలిపెట్టకండి.

ఇరవై నిమిషాలు దాటినట్టుంది, కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు. మాటలు చాలు, పరీక్ష పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ముందుకు రండమ్మా. ఒకరు పలక దగ్గర కూర్చోండి, ఒకరు ఈ చీపురు పుల్ల పట్టుకోండి. నాలుకకీ పట్టాకీ మధ్య, కొన దగ్గర పెట్టు. ఆ, అక్కడే. అమ్మాయ్, నువ్వు రెండో పాయింటు బటన్ నొక్కు. మోటారు చప్పుడు వింటున్నారు కదా? పసుపు వెలిగిందా? వెలగలేదు. సిగ్నల్ ఏ రంగు? గట్టిగా చెప్పండి, వెనక ఉన్న మా బ్యాచ్ వాళ్లకి వినపడాలి. సరే, ఇప్పుడు పుల్ల తీసి, దాని బదులు ఈ పోస్టుకార్డు ముక్క పెట్టండి. ఇది చాలా పలచన. దీన్ని మన మైక్రో స్విచ్ పట్టుకుంటుందో లేదో నాకూ ఇంకా తెలియదు. పట్టుకోకపోతే భోజనాలయ్యాక స్క్రూలు బిగిద్దాం. నొక్కమ్మా.